ఆ రాత్రి కావాలి, ఆ మధ్యాహ్నం వద్దు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి, గుర్తుపట్టే వివరాలు తీసేసి విషయం క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 33 ఏళ్లు. పుట్టిల్లు గుంటూరు వైపు, అత్తవారిది రాజమండ్రి. పెళ్లయి ఏడేళ్లు, అక్కడికి వెళ్లి ఐదేళ్లు. నిరుడు పదో వారంలో గర్భం పోయింది. "మావారు చెడ్డవారు కాదు. గట్టిగా ఒక మాట అనరు. కానీ హాస్పిటల్ నుంచి వచ్చాక ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఏడుపు మొదలుపెడితే లేచి వెళ్లి గిన్నెలు తోముకునేవారు" అని రాశారు.

ఈ ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవులకు ఇద్దరూ టెంట్ వేసుకుని ఫ్లిండర్స్ కొండల్లో మూడు రోజులు ఉన్నారు. మొదటి రాత్రి చలికి ఒకే దుప్పటి కప్పుకుని, బయట కుర్చీల్లో కూర్చున్నారు. "అన్ని చుక్కలు ఎప్పుడూ చూడలేదు. కొండ అంచు దాకా దిగి వచ్చాయి. అప్పుడు ఉన్నట్టుండి ఆయన, 'నాకూ ఏడుపొచ్చేది. నీ ముందు ఏడిస్తే నువ్వింకా కుంగిపోతావని వంటగదిలోకి పోయేవాణ్ణి' అన్నారు. తెల్లవారేదాకా మాట్లాడుకున్నాం."

మూడో రోజు మధ్యాహ్నం మట్టిరోడ్డు మీద పదునైన రాయి తగిలి టైరు చీలింది. స్టెప్నీలో గాలి లేదు. ఫోన్లో సిగ్నల్ లేదు. "ఆ మలుపు దాటితే సిగ్నల్ వస్తుంది, అరగంటలో వచ్చేస్తా" అని భర్త నడిచి వెళ్లారు. నాలుగు గంటల తర్వాత, దారిన పోతున్న ఒక పెద్ద వయసు జంట బండిలో తిరిగొచ్చారు. అప్పటిదాకా ఆమె దగ్గర ఉన్నది సగం తాగిన నీళ్ల సీసా, ఒక చిప్స్ ప్యాకెట్. "మొదటి గంట కోపం వచ్చింది. రెండో గంట ఏడ్చాను. తర్వాత ఏమీ అనిపించలేదు. డ్యాష్‌బోర్డు మీద దుమ్ములో వేలితో గంటకో గీత గీస్తూ కూర్చున్నాను."

ఇప్పుడు ఆ సంఘటనను భర్త స్నేహితుల ఇళ్లలో సరదా కథలా చెబుతున్నారు. ఆగస్టులో ఆమెను అడక్కుండా, ఇద్దరూ కూడబెట్టిన డబ్బులోంచి 31 వేల డాలర్లు పెట్టి పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నారు. డిసెంబర్లో ఆఫీసుకు రెండు వారాల సెలవు. అడిలైడ్ నుంచి మారీ, అక్కడి నుంచి ఊడ్నడాటా ట్రాక్ అనే మట్టి దారి మీదుగా ఉలురు అనే పెద్ద రాతికొండ దాకా, తిరుగు ప్రయాణం స్టూవర్ట్ హైవే మీద. అన్ని రాత్రులూ టెంట్‌లోనే. ఆమె వద్దంటే, "ఇక్కడికొచ్చినా నీ మనసు గుంటూరు దాటలేదు. భయస్తురాలివి" అన్నారు. అత్తగారు ఫోన్లో, "వాడు సరదా పడుతున్నాడు, కాదనకు. నలుగురూ తిరిగే చోట తిరిగితే మళ్లీ కడుపు పండుతుంది" అన్నారు. అమ్మకు ఇవేవీ తెలియవు.

ఆమె అడిగినవి: "నేను రానంటే స్నేహితులతో వెళ్తారట. వెళ్లాలంటే భయం. కానీ ఆ రాత్రి మళ్లీ కావాలని కూడా ఉంది. నేను నిజంగానే పిరికిదాన్నా? ఇంకో మాట, ఎవరినీ అడగలేక మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ దారిలో ఆడవాళ్లకి బాత్రూమ్ సంగతి ఏమిటి?"

* * *

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డ్యాష్‌బోర్డు మీద గీతల దగ్గర ఆగిపోయాను. ముందు ఆ పిరికితనం సంగతి తేల్చి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

దేశం మధ్యలో ఉన్న ఆ ఎండు నేలను అక్కడివాళ్లు అవుట్‌బ్యాక్ అంటారు. ఆ నేల మీద బండి ఆగిపోతే ఏం చేయాలో అక్కడ పోలీసుల నుంచి పశువుల కాపరుల దాకా ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు: బండి వదిలి వెళ్లొద్దు. ఆకాశంలోంచి వెతికేవాళ్లకు నడిచే మనిషి కనిపించడు, బండి కనిపిస్తుంది. బండి దగ్గర నీడ ఉంటుంది, మోసుకొచ్చిన నీళ్లుంటాయి. 1998 డిసెంబర్లో ఆస్ట్రియా దేశం నుంచి వచ్చిన ఒక యువ జంట వ్యాన్ కాటీ తాండా ఉప్పు సరస్సు దగ్గర ఇసుకలో దిగబడిపోయింది. లేక్ ఎయర్ అని కూడా అంటారు దాన్ని. ఇద్దరూ విలియం క్రీక్ వైపు నడక మొదలుపెట్టారు. అతను మధ్యలో వెనక్కి తిరిగి బండి దగ్గరికి చేరాడు, బతికాడు. ఆమె ముందుకే నడిచింది, దారిలోనే చనిపోయింది. విలియం క్రీక్ మీ ఆయన వెళ్దామంటున్న దారిలోనే ఉంది. నెల కూడా అదే డిసెంబర్. మిమ్మల్ని హడలగొట్టాలని ఈ మాట రాయలేదు. ఏప్రిల్లో మీ బండి ఆగిన రోజు బండి దగ్గరే కూర్చున్నది మీరు. అక్కడివాళ్ల లెక్కలో సరిగ్గా ప్రవర్తించింది మీరు. ఎవరైనా మిమ్మల్ని పిరికిది అంటే ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి.

ఊడ్నడాటా ట్రాక్ గురించి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు జవాబు ఆ దారిలోనే ఉంది. మారీ నుంచి మార్లా దాకా 600 కిలోమీటర్లకు పైగా మట్టి దారి అది. అది అటువైపే ఎందుకు పడిందంటే, భూమి లోపలి నుంచి ఊరే నీటి ఊటలు ఆ వరసలో ఉన్నాయి. ముందు అక్కడి ఆదివాసులు ఊట నుంచి ఊటకు నడిచారు. తర్వాత జాన్ మెక్‌డోవల్ స్టూవర్ట్ అనే అన్వేషకుడు ఆ ఊటలు పట్టుకునే ఉత్తరానికి వెళ్లి 1862లో అవతలి సముద్రం చేరాడు. 1872లో పూర్తయిన టెలిగ్రాఫ్ లైను, దాని తర్వాత వేసిన పాత ఘాన్ రైలు మార్గం కూడా ఆ నీళ్ల వెంటే వెళ్లాయి. ఇంతమందీ బయల్దేరే ముందు అడిగింది ఒక్కటే: తర్వాతి నీళ్లు ఎక్కడ? మీరు అడుగుతున్నదీ అదే. స్టెప్నీలో గాలుందా, నీళ్లు ఎన్ని ఉన్నాయి, ఫోన్ పనిచేయకపోతే ఏం చేద్దాం అని అడిగే మనిషి పక్కన ఉండటం ఆ దారిలో అదృష్టం.

ఇక మీ ఆయన సంగతి. ఆయన మీద నాకు కోపం రాలేదని చెప్పను. గాలి లేని స్టెప్నీతో బయల్దేరడం నిర్లక్ష్యం. ఆ మలుపు అని చెప్పి నాలుగు గంటలు వెళ్లిపోవడం ఇంకా పెద్ద తప్పు. కానీ మీ ఉత్తరంలో మీరే రాసిన రెండు విషయాలు పక్కపక్కన పెట్టి చూడండి. బాధ వచ్చినప్పుడు ఆయన గిన్నెలు తోముకున్నారు. ఇప్పుడు ఆ నాలుగు గంటల్ని స్నేహితుల ముందు నవ్వుతూ చెబుతున్నారు. నాకు రెండూ ఒకటేలా కనిపిస్తున్నాయి. భార్యను ఎక్కడో వదిలి వచ్చి, నీళ్లు అయిపోయి, సిగ్నల్ రాక, వెనక్కి వెళ్లాలా ముందుకు వెళ్లాలా తెలియక ఆ ఎండలో నడిచిన మనిషి భయపడలేదంటే నేను నమ్మను. ఆ భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కథగా చేసి నలుగురికీ పంచుతున్నారేమో. దీని వల్ల ఆయన చేసింది ఒప్పు కాదు. కానీ ఆయనతో ఎక్కడ మాట మొదలుపెట్టాలో దీని వల్ల తెలుస్తుంది.

అందుకని డిసెంబర్ గురించి, బండి గురించి, ఉలురు గురించి వాదించే ముందు ఆ మధ్యాహ్నం గురించి ఒకసారి మాట్లాడండి. ఎవరింట్లోనో నలుగురిలో వద్దు. "మీరు వెళ్లడం తప్పా ఒప్పా అని కాదు. అరగంట అని వెళ్లారు. రెండు గంటలు దాటాక మీకేదో అయిపోయిందనుకున్నాను. మీ అమ్మగారికి ఏమని ఫోన్ చేయాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. మీరు దాన్ని నవ్వుతూ చెప్పినప్పుడల్లా నేను మళ్లీ ఆ సీట్లోకి వెళ్తున్నాను" అని మీ మాటల్లో చెప్పండి. చెప్పాక వెంటనే ట్రిప్ మాట ఎత్తకండి. ఆయన్ని కూడా అడగండి, ఆ నాలుగు గంటలు మీకెలా గడిచాయని. నాకు తెలిసి ఇప్పటిదాకా ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు.

ఆయన లేచి వంటగదిలోకి వెళ్లిపోతే? వెళ్లనివ్వండి. మీరూ వెళ్లి ఒక తువ్వాలు తీసుకుని, ఆయన తోమిన గిన్నెలు తుడుస్తూ పక్కన నిలబడండి. కొంతమందికి ఎదురెదురుగా కూర్చుంటే మాట రాదు, పక్కపక్కన ఉంటే వస్తుంది. ఆ రాత్రి కుర్చీల్లో జరిగింది అదే కదా.

డిసెంబర్ గురించి మాత్రం నేను మెత్తగా చెప్పలేను. ఆ దారిలో టెంట్ వేసుకుని తిరగడానికి డిసెంబర్ సరైన కాలం కాదు. ఊడ్నడాటా ఊళ్లో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. ఆస్ట్రేలియా మొత్తంలో అంతకు మించిన వేడి నమోదు కాలేదు. రోజూ అంత ఉండదు కానీ 40 దాటడం అక్కడ మామూలే. రెంటచింతల ఎండ తెలిసిన ప్రాంతపు మనిషి మీరు. ఆ ఎండను నీడ లేకుండా, ఫ్యాన్ లేకుండా, రాత్రి పదింటికి కూడా వేడి తగ్గని టెంట్ గుడ్డ కింద ఊహించుకోండి. ఇంకో సంగతి. ఆ నెలల్లో అటు వెళ్లే జనం బాగా తగ్గిపోతారు. ఏప్రిల్లో మీ ఆయనకు నాలుగు గంటల్లో ఎవరో కనిపించారు. డిసెంబర్లో ఆ మట్టి దారి మీద ఇంకో బండి కోసం ఎంతసేపు చూడాలో ఎవరూ చెప్పలేరు. ఎండ ఒక్కటే కాదు, గట్టి వాన పడితే ఆ మట్టి బంకలా మారుతుంది, దారి మూసేస్తారు, మూసిన దారిలో వెళ్తే జరిమానా. ఉలురు చేరినా పగలంతా తిరగలేరు. పక్కనే ఉన్న కాటా జూటా కొండల్లో వ్యాలీ ఆఫ్ ద విండ్స్ అనే నడకదారిని, 36 డిగ్రీలు రావచ్చని సూచన ఉన్న రోజు ఉదయం 11 గంటలకే మూసేస్తారు. అంత దూరం వెళ్లి రూములో ఏసీ కింద కూర్చోవడమా? అదీ అన్ని రాత్రులూ టెంట్ అన్నాక, ఆ రూమూ ఉండదు.

అయితే మీ ముందున్న దారి వెళ్లడమో మానడమో అన్నట్టు లేదు. మధ్యలో చాలా ఉంది.

ఆయన స్నేహితులతో వెళ్తానన్నారు. వెళ్లనివ్వొచ్చు. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు, రెండు బండ్లు ఉంటే టైరు చీలినా, ఇసుకలో దిగబడినా ఒకదాన్ని ఇంకొకటి లాగుతుంది. ఒంటరి బండి కంటే అది నయం. కానీ డిసెంబర్ ఎండ వాళ్లకూ ఎండే. మీకేమో ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూసే రెండు వారాలు మిగులుతాయి. ఆ నాలుగు గంటలే పద్నాలుగు రోజులవుతాయి. అంతకన్నా నాకు తోచే ఇబ్బంది ఇంకోటి ఉంది. ఆ రాత్రి లాంటి రాత్రి ఆయన స్నేహితులకు దక్కుతుంది, మీకు కాదు. ఈ దారి ఎంచుకుంటే మీ అడిలైడ్ స్నేహితురాలెవరినైనా ఆ రెండు వారాలూ తోడు పెట్టుకోండి, రోజూ ఏ వేళకు ఎక్కడి నుంచి కబురు రావాలో ముందే రాయించుకోండి.

రెండోది, సెలవు డిసెంబర్లోనే ఉంది కాబట్టి డిసెంబర్లోనే వెళ్లడం, కానీ మట్టి దారి వదిలేసి తారు రోడ్డు మీదే వెళ్లడం. స్టూవర్ట్ హైవే పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా పూర్తిగా తారు రోడ్డు. అడిలైడ్ నుంచి ఉలురు సుమారు 1,600 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లినంత. మధ్యలో కూబర్ పీడీ అనే ఊరు ఉంది. మూడేళ్ల కిందట జూలైలో మా మేనకోడలి కుటుంబంతో అంతవరకు వెళ్లాను కాబట్టి ఆ ముక్క కొంచెం చెప్పగలను. పింబా దాటాక లేక్ హార్ట్ అనే ఉప్పు సరస్సు రోడ్డు పక్కనే ఉంటుంది. మంచు పడిందేమో అనుకున్నాను, దిగి నడిస్తే చెప్పుల కింద ఉప్పు పలుకులు పటపటమన్నాయి. గ్లెండాంబో దాటాక కూబర్ పీడీ దాకా సుమారు 250 కిలోమీటర్లు పెట్రోల్ బంకు లేదు. మూడు ట్రెయిలర్లు కట్టుకుని వచ్చే రోడ్ ట్రెయిన్లనే లారీలు 53 మీటర్ల పొడవు దాకా ఉంటాయి, ఒకటి ఎదురుగా వచ్చి దాటిపోతే మా కారు పక్కకు ఊగింది. కూబర్ పీడీలో 1915లో ఓపల్ రాళ్లు దొరికిన దగ్గర్నుంచి జనం ఎండకు తట్టుకోలేక నేల లోపల ఇళ్లు తవ్వుకున్నారు. ఇప్పుడు అలాంటి గదులే అద్దెకూ ఇస్తారు. బయట ఎంత ఎండైనా లోపల చల్లగా ఉంటుంది. పడుకుంటే గోడ మీద తవ్విన మిషన్ గీతలు చేతికి తగిలాయి. ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తుంది. డిసెంబర్లో వెళ్లాలంటే ఇలా రాత్రికి గది, తెల్లవారుజామున కాకుండా పొద్దెక్కాక ప్రయాణం, మధ్యాహ్నానికి ఆగిపోవడం. కంగారూలు చీకటి పడే వేళ, తెల్లవారే వేళ రోడ్ల మీదికి వస్తాయి, ఆ రెండు వేళలూ బండి తీయొద్దు. ఇలా వెళ్తే ప్రమాదం బాగా తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. మీ ఆయనకు మాత్రం కొత్త బండి మట్టి తొక్కలేదన్న అసంతృప్తి మిగలొచ్చు.

మూడోది, ఆయన కోరికకు కూడా న్యాయం చేసేది, మే నుంచి ఆగస్టు మధ్య వెళ్లడం. పగలు చల్లగా హాయిగా ఉంటుంది. రాత్రిళ్లు మాత్రం ఉలురు దగ్గర సున్నా దాకా దిగొచ్చు, మందపాటి దుప్పట్లు కావాలి. సెలవు దొరకదంటారేమో. డిసెంబర్లో ఆఫీసు మూసేస్తే ఆ రోజులు సెలవులోంచి పోతాయని నాకూ తెలుసు. ఇప్పుడే అడిగితే జూలైకి పది రోజులు కుదరొచ్చు, అడగకుండా కుదరదనుకోవడం ఎందుకు? నష్టం ఏమిటంటే, ఆయన ఇంకో ఎనిమిది నెలలు ఆగాలి. ఆ ఎనిమిది నెలల్లో మట్టిరోడ్డు మీద, ఇసుకలో నడపడం నేర్పే శిక్షణ ఒకటి ఇద్దరూ చేయండి. ఇద్దరూ అన్నది గట్టిగా చెబుతున్నాను. టైరు మార్చడం, ఇసుకలో టైర్లలో గాలి ఎంత తగ్గించాలో, మళ్లీ కంప్రెసర్‌తో నింపడం మీ చేతికి కూడా రావాలి. పక్క సీట్లో కూర్చుని ఏమవుతుందోనని చూసే మనిషికి ఉండే భయం వేరు, స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఉండే భయం వేరు. ఊడ్నడాటా ట్రాక్ ఆ తర్వాత మీ ఇద్దరికీ కావాలనిపిస్తే అప్పుడు.

మీరు రాయని ఇంకో సంగతి అడగాలి. పిల్లల కోసం మళ్లీ ప్రయత్నిస్తున్నారా? మీ అత్తగారి మాటను బట్టి ఇంట్లో ఆ ఆశ ఉన్నట్టుంది. ప్రయత్నంలో ఉంటే, ఏ దారి ఎంచుకున్నా బయల్దేరే ముందు మీ డాక్టర్‌తో మాట్లాడండి. పోర్ట్ అగస్టాలో, కూబర్ పీడీలో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో హాస్పిటళ్లు ఉన్నాయి, కానీ వాటి మధ్య వందల కిలోమీటర్లు. 1928 నుంచి ఫ్లయింగ్ డాక్టర్ల విమానాలు ఆ నేల మీద ప్రాణాలు కాపాడుతున్నాయి, నిజమే. అయినా మొదటి నెలల్లో రక్తస్రావం మొదలైతే విమానం కోసం ఎదురుచూడటం ఒకటి, అడిలైడ్‌లో ఇరవై నిమిషాల్లో హాస్పిటల్ చేరడం ఇంకొకటి. నిరుడు ఒకసారి ఆ బాధ పడ్డ మీకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ కారణం ఒక్కటే చాలు మట్టి దారి వాయిదా వేయడానికి. దీన్ని మీ ఆయన ముందు పెడితే భయం అని కొట్టిపారేయలేరు. ఆయన బిడ్డ సంగతి కూడా కదా అది.

ఏ దారిలో వెళ్లినా కొన్ని విషయాలు మీరే దగ్గరుండి చూసుకోండి, ఆయన చూశారా అని అడగకుండా. నీళ్లు మనిషికి రోజుకు పది లీటర్ల లెక్క, అనుకున్న రోజుల కంటే మూడు రోజులకు సరిపడా ఎక్కువ. అన్నీ ఒకే డబ్బాలో పోయొద్దు, ఒకటి కారితే మిగతావి ఉండాలి. మట్టి దారైతే స్టెప్నీలు రెండు. అన్నింటికంటే ముందు, ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహానికి సంకేతం పంపే లొకేటర్ బీకన్. ఒక మంచి టైరు ధరకు అటూ ఇటుగా వస్తుంది, అద్దెకు కూడా ఇస్తారు. దాన్ని ప్రభుత్వం దగ్గర ఉచితంగా మీ పేర్లతో రిజిస్టర్ చేయించాలి. ఏప్రిల్లో అది మీ బండిలో ఉంటే, ప్రాణం మీదికి వస్తే నొక్కొచ్చన్న ధైర్యమైనా ఉండేది. మీ ఆయన నడవాల్సిన పనీ ఉండేది కాదు. వెళ్లే దారి, ఆగే చోట్లు రాసి అడిలైడ్‌లో ఒకరికి ఇవ్వండి. ఫలానా సాయంత్రం ఆరింటికల్లా ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పమని చెప్పండి. చెప్పాక తప్పకుండా ఫోన్ చేయండి. ఇవన్నీ పెట్టాక ఒక మాట ఇద్దరూ ఒప్పుకోవాలి: బండి ఆగితే ఇద్దరూ బండి దగ్గరే. ఒకరు వెళ్లి చూసొస్తానని అనకూడదు, అరగంటకైనా. ఆయన ఈ మాట ఇవ్వలేకపోతే మీరు వెళ్లొద్దు. మిగతా అన్నింట్లో సర్దుకోవచ్చు, దీంట్లో వద్దు.

మీరు సిగ్గుపడుతూ అడిగింది అందరు ఆడవాళ్లూ అడగాల్సిందే. హైవే మీద రోడ్‌హౌస్‌లలో బాత్రూమ్‌లు ఉంటాయి, కొన్ని చోట్ల కొద్ది డాలర్లకు వేడినీళ్ల స్నానం కూడా. క్యారవాన్ పార్కుల్లో టెంట్ వేసుకుంటే మరుగుదొడ్డి, స్నానాల గది, వంటకు చోటు అన్నీ ఉంటాయి. రాత్రికి లేవాల్సి వచ్చినా నడకదూరంలోనే. కొన్ని రెస్ట్ ఏరియాల్లో గొయ్యి మరుగుదొడ్లు ఉంటాయి. అవి కూడా లేని చోట చిన్న పార తీసుకుని నీటి వనరుకు కనీసం వంద మీటర్ల దూరంగా వెళ్లి, జానెడు లోతు గొయ్యి తీసి, పని అయ్యాక మట్టి కప్పేయాలి. కాగితాలు, ప్యాడ్లు పాతిపెట్టకూడదు, డింగోలనే అడవికుక్కలు తవ్వేస్తాయి. గట్టిగా మూసే సంచిలో పెట్టి వెనక్కి తేవాలి. నెలసరి ఆ రోజుల్లో పడితే ఆ రెండు మూడు రాత్రులు క్యారవాన్ పార్కులో ఉండేలా ప్లాన్ చేయమని మీ ఆయనకు నేరుగా చెప్పండి. ఏడేళ్లు కాపురం చేసిన మనిషికి ఆ మాట చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

బండి డబ్బు మాట వేరే రోజు మాట్లాడండి. ఈ ట్రిప్‌తో కలపొద్దు, కలిపితే రెండూ తెగవు. 31 వేల డాలర్లు ఇద్దరి కష్టం. బండి అమ్మేయమని నేను చెప్పను, అమ్మితే నష్టమే, కసీ మిగులుతుంది. ఇకమీదట ఇంత దాటిన ఖర్చేదైనా ఇద్దరూ ఒప్పుకున్నాకే అని ఒక అంకె అనుకోండి. బండి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు మీరూ చదవండి. మట్టిరోడ్డు మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో అందులోనే రాసి ఉంటుంది.

మీ అత్తయ్యగారికి ఆ మధ్యాహ్నం సంగతి తెలియదని నా అనుమానం. మీ ఆయన నోటి నుంచి సరదా కథగానే విని ఉంటారు. మీరు చాడీ చెప్పినట్టు కాకుండా, ఆయన ఉన్నప్పుడే స్పీకర్ ఫోన్లో జరిగింది జరిగినట్టు చెప్పండి. కొడుకు నాలుగు గంటలు ఎండలో ఒంటరిగా నడిచాడని వింటే ఆమెకే గుండె గుభేలుమంటుంది. మీ అమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే నిద్రపోరని మీరు దాస్తున్నారు, అర్థమైంది. కానీ నిరుడు గర్భం పోయిన సంగతి కూడా అమ్మకు చెప్పలేదంటే, అది మాత్రం చెప్పండి. అంత బరువు ఒక్కరూ మోయక్కర్లేదు.

చివరగా, ఇప్పుడింకా అక్టోబరే. మీ ఊరి నుంచి మూడు గంటల లోపు దూరంలో మౌంట్ రిమార్కబుల్ నేషనల్ పార్కులో మాంబ్రే క్రీక్ అని టెంట్లు వేసుకునే చోటు ఉంది. ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలి. వచ్చే శనివారం రాత్రి ఒక్కటి అక్కడ ఉండి రండి. పులిహోర కలిపి పట్టుకెళ్లండి, పొయ్యి వెలిగించే పని ఉండదు. బయల్దేరే ముందు స్టెప్నీలో గాలి మీ చేత్తో మీరే చూడండి, ఆయన పక్కన నిలబడి ఉండగా. రాత్రి టెంట్‌లో పడుకోలేకపోతే ఏ వేళైనా లేచి ఇంటికి వచ్చేద్దామని ముందే మాట్లాడుకోండి. ఆ రెండు కుర్చీలు, ఆ దుప్పటి బండిలో పెట్టుకోవడం మర్చిపోకండి. వచ్చాక ఎలా ఉందో నాకు రాయండి.